మార్చనని ఎవరు ఎవరికి మాటిచ్చారు?

పాత ఫోర్‌ట్రాన్ కంపైలర్ల మీద పనిచేసినవాళ్లు చెప్పే కథ ఒకటుంది. ఆ భాషలో 4 విలువను 5గా మార్చేయొచ్చట. కోతలా వినిపిస్తుంది గానీ, జరిగే తీరు చూస్తే నమ్మక తప్పదు. ఫోర్‌ట్రాన్‌లో సబ్‌రొటీన్‌కి మామూలుగా వెళ్లేది విలువ కాదు, మెమరీలో ఆ విలువ ఉన్న చోటు చిరునామా. మీరు 4 అని రాసి పంపితే, కంపైలర్ ఒక గడిలో 4 పెట్టి ఆ గడి చిరునామా అందించేది. సబ్‌రొటీన్ తనకొచ్చిన పారామీటరుకు ఒకటి కలిపిందనుకోండి, గడిలో ఇప్పుడు 5 ఉంది. మెమరీ పొదుపు కోసం, ప్రోగ్రాములో 4 అని రాసిన మిగతా చోట్లకు కూడా కంపైలర్ ఆ గడినే వాడుకునేది. ఇక అక్కణ్నుంచి నాలుగంటే ఐదే. తప్పు వెతికేవాడు లిస్టింగ్ తిరగేస్తే మాత్రం అన్నిచోట్లా 4 శుభ్రంగా అచ్చయి కనిపిస్తుంది.

ఫోర్‌ట్రాన్‌కి సబ్‌రొటీన్లు వచ్చింది 1958లో. ‘ఈ పారామీటరు చదవడానికే’ అని డిక్లేర్ చేసుకునే ‘ఇంటెంట్ ఇన్’ ప్రమాణంలో చేరింది ఫోర్‌ట్రాన్ 90తో. ముప్పై ఏళ్ల పైచిలుకు ఆ పని ప్రోగ్రామర్ మంచితనమే చేసింది. ఈలోగా 1983 నాటి ఏడా భాష ‘ఇన్’, ‘అవుట్’, ‘ఇన్ అవుట్’ అని మూడు మాటలు పెట్టి, ‘ఇన్’ అంటే ఫంక్షన్ లోపల అది స్థిరాంకమేనని తేల్చేసింది. ఏడాను ఎక్కువమంది వాడలేదు, అది వేరే సంగతి.

పారామీటరు మారకూడదు అన్నప్పుడు మనం నిజానికి మూడు వేర్వేరు మాటలు అంటున్నాం. ఈ పేరును నేను మరో విలువకు తగిలించను అనేది ఒకటి. ఈ పేరు పట్టుకుని నీ వస్తువును మార్చను అనేది రెండోది. నేనే కాదు, నా పని అయ్యేదాకా ఈ వస్తువును ఎవరూ మార్చరు అనేది మూడోది. మొదటిది ఫంక్షన్ తనకు తాను పెట్టుకునే నియమం. రెండోది కాల్ చేసినవాడికి ఫంక్షన్ ఇచ్చే మాట. మూడోది ఫంక్షన్‌కి బయటినుంచి రావాల్సిన హామీ. చాలా భాషలు మొదటిదో రెండోదో ఇచ్చి ఊరుకుంటాయి. చదివేవాడు మూడోది ఇచ్చారనుకుంటాడు. చిక్కంతా అక్కడే.

సీ భాషలో ఆర్గ్యుమెంట్లు విలువలుగా వెళ్తాయి. పాస్‌బుక్ ఒరిజినల్ బీరువాలో పెట్టి, బ్యాంకులో జిరాక్స్ ఇచ్చినట్టు. జిరాక్స్ మీద వాళ్లు ఏం గీసుకున్నా మనకేం నష్టం లేదు. అయితే అర్రేలు పంపితే ఈ సుఖం ఉండదు, అక్కడ వెళ్లేది పాయింటరే. దీనికి విరుగుడు సీ లోపల పుట్టలేదు. 1980ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో, తర్వాత సీ ప్లస్ ప్లస్ అయిన భాష కోసం బ్యార్నె స్ట్రౌస్ట్రుప్ ‘రీడ్‌ఓన్లీ’ అనే ఆలోచన తెచ్చాడు. అదే ‘కాన్‌స్ట్’ పేరుతో 1989 నాటి సీ ప్రమాణంలో చేరింది. పాయింటర్ దగ్గర దాన్ని ఎక్కడ రాస్తామన్నదే అసలు విషయం. ‘కాన్‌స్ట్ చార్ స్టార్ పి’ అంటే పి చూపించే అక్షరాలను పి ద్వారా మార్చకూడదు, పి మాత్రం ఎటైనా తిరగొచ్చు. ‘చార్ స్టార్ కాన్‌స్ట్ పి’ అంటే పి కదలదు, అక్షరాలు మాత్రం చెరిపేసుకోవచ్చు. ఒక్క మాట అటు జరిగితే రెండో మాట, ఇటు జరిగితే మొదటి మాట. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఇంతకంటే చవకైన ప్రశ్న దొరకదు.

కాన్‌స్ట్ ఇచ్చేది రెండో మాటే, మూడోది కాదు అనడానికి సీ ప్లస్ ప్లస్‌లో చిన్న ఉదాహరణ చాలు. ‘నార్మలైజ్’ అని ఒక ఫంక్షన్ రాశాం. దానికి రెండు పారామీటర్లు: ఒక వెక్టర్ రెఫరెన్సు, డి అనే కాన్‌స్ట్ డబుల్ రెఫరెన్సు. లోపల లూపు తిరుగుతూ వెక్టర్‌లోని ప్రతి సంఖ్యనూ డితో భాగిస్తుంది. డి ముందు కాన్‌స్ట్ ఉంది, ఎవరూ దాని జోలికి వెళ్లలేదు, కంపైలర్ గొణగలేదు. వెక్టర్‌లో 50, 100, 150 ఉన్నాయి. అన్నిటినీ మొదటి సంఖ్యతో భాగించాలని, అదే వెక్టర్‌ను, దాని మొదటి సంఖ్యనూ పంపి కాల్ చేశాం. రావాల్సింది 1, 2, 3. వచ్చింది 1, 100, 150. లూపు మొదటి చుట్టులో 50ని 50తో భాగించి 1 చేసింది. డి చూస్తున్నది ఆ గడినే కాబట్టి డి కూడా 1 అయిపోయింది. మిగతావాటిని బుద్ధిగా ఒకటితో భాగించుకుంటూ పోయింది. కాన్‌స్ట్ తన మాట తప్పలేదు, డి ద్వారా ఎవరూ ఏమీ మార్చలేదు. కాపీ ఖర్చు తప్పుతుందని ఆ రెఫరెన్సు పెట్టారు. డబుల్ ఎనిమిది బైట్లు, 64 బిట్ యంత్రంలో చిరునామా కూడా ఎనిమిది బైట్లే. మిగిలింది సున్నా.

ఇలా ఒకే గడికి రెండు పేర్లుండటాన్ని ఎలియసింగ్ అంటారు. సీ ప్రమాణం తయారవుతున్నప్పుడు కమిటీ దీని మీద కూడా చెయ్యేసింది. పారామీటర్లకు ‘నోఎలియస్’ అనే మాట తగిలిద్దామంది. 1988లో సీ సృష్టికర్త డెనిస్ రిచీ దాన్ని తీసేయాల్సిందేనని, ఇందులో బేరం లేదని ఘాటుగా రాశాడు. పనిలో పనిగా కాన్‌స్ట్ మీద కూడా తనకు నమ్మకం కుదరలేదన్నాడు. నోఎలియస్ పోయింది, కాన్‌స్ట్ నిలిచింది.

జావా వాళ్లు ఇంకో దారి పట్టారు. కాన్‌స్ట్ అనే మాటను రిజర్వ్ చేసి పెట్టుకున్నారు గానీ దానికి పనేమీ ఇవ్వలేదు. ‘గోటూ’ కూడా దాని పక్కనే అలాగే ఖాళీగా కూర్చుంది. జావాలో పారామీటరుకు రాసేది ‘ఫైనల్’, అది మొదటి మాట మాత్రమే. ‘ఫైనల్ లిస్ట్ ఆర్డర్స్’ అని రాస్తే ఆర్డర్స్ అనే పేరును మరో లిస్టుకు తగిలించలేం, అంతే. ఆ లిస్టులో కొత్త ఆర్డరు వేయొచ్చు, పాతది తీయొచ్చు, క్లియర్ కొట్టి మొత్తం ఊడ్చేయొచ్చు. కాల్ చేసినవాడికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. కొన్ని టీముల్లో ప్రతి పారామీటరు ముందూ ఫైనల్ రాయాలని రూలు పెడతారు. నా లెక్కలో అది గుమ్మానికి నిమ్మకాయలు కట్టడం కంటే పెద్ద రక్షణ కాదు.

జావాస్క్రిప్టులో కాన్‌స్ట్ కూడా ఇదే బాపతు, పైగా దాన్ని పారామీటర్లకు రాయనే కూడదు. పైథాన్ టైప్ హింట్లలో ఉన్న ‘ఫైనల్’నూ పారామీటర్లకు వాడనివ్వరు. కోట్లిన్‌లో పారామీటరు పేరు ఎటూ మారదు. దాని ‘లిస్ట్’ టైపు రెండో మాట కూడా ఇస్తుంది, అయితే ఆ లిస్టును అవతల ఇంకొకరు మ్యూటబుల్‌గా పట్టుకుని ఉండొచ్చు. స్విఫ్ట్ కాస్త తెలివైన పని చేసింది. అందులో అర్రే కూడా విలువే, కాబట్టి పారామీటరుగా వచ్చిన అర్రేలో చేర్చడానికీ తీయడానికీ వీల్లేదు. మార్చాలనుకుంటే ‘ఇన్అవుట్’ అని బాహాటంగా రాయాలి.

మూడో మాటను సూటిగా పట్టుకున్నది రస్ట్. ఒక వస్తువును ఒకే సమయంలో ఎంతమందైనా చదవొచ్చు, లేదా ఒక్కరే మార్చొచ్చు, రెండూ కలిపి కుదరదు. నార్మలైజ్‌ను రస్ట్‌లో అలాగే రాసి, వెక్టర్‌ను మార్చే రెఫరెన్సునూ, దాని మొదటి సంఖ్యను చదివే రెఫరెన్సునూ కలిపి పంపితే ప్రోగ్రాము కంపైలే కాదు. మొదటి రోజుల్లో ఇది ప్రాణం తీస్తుంది. అయితే చదివే రెఫరెన్సు అని రాసి ఉన్నది చూసి లోపల ఏదీ మారదని నేను నమ్మగలిగింది ఈ ఒక్క భాషలోనే. దానికీ సందులున్నాయి. ‘రెఫ్‌సెల్’ వాడితే ఆ తనిఖీ ప్రోగ్రాము నడిచేటప్పటికి వాయిదా పడుతుంది, నియమం తప్పితే అక్కడికక్కడే పానిక్. సీ లైబ్రరీని కాల్ చేయాలంటే మామూలుగా ‘అన్‌సేఫ్’ అని రాయించుకుని కంపైలర్ పక్కకు తప్పుకుంటుంది. అవతల కాన్‌స్ట్ అని రాసినవాడు పాయింటరును మన ఫంక్షను అయ్యాక కూడా దాచుకుంటాడా లేదా అన్నది టైపు చూసి చెప్పలేం, డాక్యుమెంటేషన్ చదువుకోవాలి. అదీ ఉంటే.