దోమలన్నింటినీ నిర్మూలించనక్కరలేదు: మలేరియాపై రాస్ గణితం

సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న విషయం సుపరిచితమే. అదే శాస్త్రవేత్త ఈ వ్యాధి వ్యాప్తిని సమీకరణాలలో వివరించిన విషయానికి మాత్రం తగిన ప్రాచుర్యం లభించలేదు.

దోమలన్నింటినీ చంపడం అసాధ్యం కనుక నివారణ యత్నాలు వ్యర్థమనే వాదన ఆనాడు ఉండేది. రాస్ దానిని లెక్కలతో ఖండించారు. జనాభాతో పోల్చినప్పుడు దోమల సంఖ్య ఒక పరిమితి కన్నా తగ్గినట్లయితే, కోలుకునేవారి కన్నా కొత్తగా వ్యాధి సోకేవారు తక్కువవుతారు. మలేరియా క్రమంగా అంతరిస్తుంది. 1911 నాటి ఆయన గ్రంథంలో ఈ సమీకరణాలు ఉన్నాయి.

1950వ దశకంలో జార్జ్ మెక్‌డొనాల్డ్ ఈ లెక్కలో దోమ ఆయుర్దాయానికి గల ప్రాధాన్యాన్ని వెల్లడించారు. దోమలో పరాన్నజీవి పరిపక్వం కావడానికి, ఉష్ణోగ్రతను బట్టి, సుమారు 10 రోజులు లేదా అంతకు మించి పడుతుంది. రోజుకు నూటికి 90 వంతున దోమలు బతికితే పదో రోజు ముగిసేసరికి 35 మిగులుతాయి. 80 వంతున బతికితే మిగిలేవి దాదాపు 11 మాత్రమే. రక్తం పీల్చి గోడపై వాలే దోమను హతమార్చే పిచికారీకి అంతటి ప్రాధాన్యం ఇందువల్లనే. అయితే ఆరుబయట కుట్టి, ఆరుబయటే విశ్రమించే దోమలు దీనికి చిక్కవు. అటువంటి ప్రాంతాలలో నీటి నిల్వల తొలగింపు తప్పనిసరి.