పాత మిలిటరీ లారీలో తెలియరాని చప్పుడు



కుమ్మరి యింట కుండను కొనునపుడు మనము దానిని వ్రేలితో తట్టి చూతుము. ఖంగున మ్రోగినచో ఇంటికి దెత్తుము. బోదగా పలికినచో మరల నచ్చటనే యుంచుదుము. కంటికి కానరాని పగులు చెవికి దొరకును. రైలుబండి ఆగినపుడు ఉద్యోగి యొకడు పొడుగు సుత్తితో చక్రములను తట్టుచు పోవుటయు ఈ విద్యయే. దీనిని పాత లారీకి, అందును సైన్యమున పనిచేసి వేలమున మన యూళ్లకు చేరిన లారీకి, ఎట్లు వర్తింపజేయవలెనో నేడు మనవి చేసెదను.

జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతముల పెద్దలకు మిలిటరీ లారీ క్రొత్త వస్తువు గాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున కెనడా దేశమందు ఫోర్డు, షెవర్లే కర్మాగారములు ఒకే నమూనా ననుసరించి నాలుగు లక్షలకు పైగా సైనిక వాహనములను నిర్మించినవి. వానిలో అనేకములు మన దేశమునకును వచ్చెను. 1945లో యుద్ధము ముగియగానే మిగులు వాహనములు అమ్మకమునకు వచ్చి, పైకట్టు మార్చుకొని, సరకుల లారీలుగను బస్సులుగను మరియొక జన్మ మెత్తినవి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. ఆ పిమ్మట 1951 వరకును సాయుధ పోరాటము సాగిన జనగామ పల్లెలలో సైనిక లారీ చప్పుడు ఎంతటి భయమును రేపెడిదో, ఆ తరమువారి నోట వినినవారు నేటికిని కలరు. తరువాతి కాలమున జబల్పూరున 1959 మొదలు 1996 వరకు శక్తిమాన్ లారీలు తయారైనవి. అవియు సైన్యమున కాలము తీరిన పిదప వేలములలో ప్రజల చేతికి వచ్చినవి.

ఇట్టి లారీ గట్టిది, సందేహము లేదు. కాని దాని కొక చిక్కు కలదు. అది యేండ్ల తరబడి నడిచి, మరికొన్ని యేండ్లు ఎండకును వానకును కదలక నిలిచి యుండును. నిలిచియున్న యంత్రమున కందెన గట్టిపడును. సందులలో మన్ను పేరుకొనును. పైకి రంగు వేసిన మాత్రమున లోపలి యరుగుదల మానదు.

నేను ఎరిగిన యొక లారీ కథ చెప్పెదను. అది భూపాలపల్లి వైపు అడవి దారులలో కొంతకాలము తిరిగి, పిమ్మట జనగామ చేరి, పాలకుర్తి, తొర్రూరు దారులలో ధాన్యపు బస్తాలు మోయుచుండెను. గతుకుల దారిలో, ఖాళీగా పోవునపుడు మాత్రమే, అందు కటకటమని చప్పుడు వినబడెడిది. బస్తాలు నింపగానే చప్పుడు మాయమయ్యెడిది. “బరువు పడిన తరువాత నెమ్మదించుచున్నది గదా, భయమేమి?” అని యజమానుడు ఊరకుండెను. డ్రైవరు మాత్రము తన పీట క్రిందనే చప్పుడగుచున్నదని పట్టుబట్టెను. పీట విప్పిరి, అచ్చట నేమియు లేదు. వెనుకతలుపు గొలుసులు, పనిముట్ల పెట్టె, నీళ్ల డబ్బా ఒకటొకటిగా గుడ్డపేలికలు చుట్టి త్రాళ్లతో బిగించిరి. చప్పుడు తగ్గెను గాని పోలేదు.

ఇచ్చట నొక విషయము తెలియవలెను. ధ్వని గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు ప్రయాణించును; ఉక్కులో సుమారు 5000 మీటర్లు, అనగా దాదాపు పదునైదు రెట్ల వేగముతో, పోవును. లారీకి ముందునుండి వెనుకకు రెండు ఉక్కు దూలములు వెన్నెముకవలె నుండును. వెనుకచక్రముకడ పుట్టిన చప్పుడు ఆ దూలముల వెంట పరుగెత్తి డ్రైవరు పాదములకడ పలుకును. కావున చెవి చెప్పిన చోటు నమ్మదగినది కాదు. చప్పుడు ఎచ్చట వినబడుచున్నదని గాక, ఎప్పుడు వినబడుచున్నదని అడుగవలెను.

చివరకు అనుభవశాలియైన మెకానిక్కు వచ్చి, పానా పట్టకముందే ప్రశ్నలు ప్రారంభించెను. లారీని కదలక నిలిపి ఇంజనును హెచ్చు తగ్గులుగ నడిపించెను, చప్పుడు లేదు. కావున అది ఇంజనునకు గాని పొగగొట్టమునకు గాని సంబంధించినది కాదు. చదునైన నేలపై మెల్లగ పోవుచు గేరును తటస్థముగ నుంచెను. చప్పుడు అట్లే యుండెను. కావున గేరుపెట్టె నుండి చక్రములకు బలము చేరవేయు షాఫ్టు లాగుడువలన పుట్టినది కాదు. బ్రేకును కొంచెము తొక్కెను, మార్పు లేదు. కావున బ్రేకుచెక్కల యదురు కాదు. తారురోడ్డుపై నడిపెను, చప్పుడు లేదు. చక్రము తిరుగుటవలన పుట్టినదైనచో నున్ననిదారిపైనను లయగా వినబడవలెను. కావున అది చక్రము లేచిపడుటవలన పుట్టుచున్నది.

పిమ్మట నేలపై మందమైన చెక్కపలక నొకదానిని పరచి, ఒక్కొక చక్రమును మాత్రమే దానిపై నెక్కించి దింపుచు, లారీని నడకవేగమున కదలించిరి. ఒకడు దూరముగ ప్రక్కన నడచుచు వినుచుండెను. ముందు చక్రములు రెండును మౌనముగ దిగినవి. కుడి వెనుకచక్రమును అట్లే దిగెను. ఎడమ వెనుకచక్రము దిగినపుడు టక్కున మ్రోగెను. ఇట్లు పది దినముల వెదుకులాట ఒక మూలకు చేరెను.

ఆ మూలలో నేమున్నది? ఉక్కుపట్టీలు ఒకదానిపై నొకటి పేర్చిన కమాను. బరువు పడినపుడు వంపైన కమాను చదునగును. చదునైనపుడు దాని పొడవు పెరుగును. ఆ పెరుగుదలకు చోటిచ్చుటకై దాని యొక కొనను చట్రమునకు స్థిరముగ బిగించి, రెండవ కొనను ఉయ్యాలవలె ఊగు చిన్న తునకకు తగిలింతురు. దీనిని షాకిల్ అందురు. అందులో నొక ఉక్కుసీల, దాని చుట్టును బుష్షు అను లోహపు గొట్టము ఉండును. ఈ రెంటి నడుమ గ్రీజు ఎల్లప్పుడు ఉండవలెను.

చక్రములకు ఆనులు పెట్టి, జాకీతో చట్రము నెత్తి, దాని క్రింద గట్టి దుంగలు నిలిపి, మెకానిక్కు గడ్డపారతో ఆ కొనను మెల్లగ పైకెత్తెను. అదే చప్పుడు! సీలను ఊడదీయగా గ్రీజు పోవు రంధ్రము ఎండిన మన్నుతో పూడియుండెను. సీల యొకవైపున సగము మేరకు అరిగి, నమలిన వేపపుల్లవలె నుండెను, బుష్షు పగిలియుండెను.

ఇప్పుడు రహస్యము విడిపోయినది. లారీ ఖాళీగా నున్నపుడు సీల వదులైన గొట్టములో ఎగిరిపడి మ్రోగెడిది. బస్తాలు నింపినపుడు ఆ బరువు సీలను ఒకే వైపునకు అదిమిపట్టుటచే మ్రోగుటకు వీలులేకపోయెను. నిండుకుండ తొణకదనుట మనుష్యుల విషయమున మేలైన మాటయే. లారీ విషయమున అది మోసము. ఏ సమయమున చప్పుడు ఆగెనో, ఆ సమయముననే అరిగిన సీలపై ఎక్కువ భారము పడుచుండెను. అది చెరువుకట్టమీద విరిగియుండినచో కమాను జారి, ఇరుసు ప్రక్కకు తిరిగి, లారీ కట్ట దిగియుండెడిది. బస్తాలపై కూర్చుండు హమాలీల గతి వేరుగ చెప్పనక్కరలేదు. సరకుల లారీపై మనుష్యుల నెక్కించుట చట్టవిరుద్ధమని తెలిసియు మనము ఉపేక్షించుచున్నాము. క్రొత్త సీల, క్రొత్త బుష్షు వేసి, రంధ్రము శుభ్రపరచి గ్రీజు పట్టించుటకు ఒక పూట పట్టెను.

పెద్దలు గుర్తుంచుకొనవలసిన గురుతులు కొన్ని కలవు. క్లచ్చి తొక్కగానే మారు చప్పుడు క్లచ్చికి గాని గేరుపెట్టెకు గాని చెందును. లాగుడు పెంచినపుడు, తగ్గించినపుడు ఠక్కుమనునది తరచుగ షాఫ్టు క్రాసుజాయింటుది. వేగముతో పాటు లయ పెరుగునది చక్రమునకు చెందును; వెంటనే ఆపి నట్లు చూడవలెను. మలుపులలోనే వినబడునది స్టీరింగు కీళ్లది గాని ముందుచక్రపు బేరింగులది గాని కావచ్చును. ఈ కడపటి రెంటిలో నేదైనను తోచినచో లారీని మరల కదలింపరాదు. ఒకమారు ఒక్క మార్పే చేయవలెను. రెండు చేసినచో దేనివలన ఫలము కలిగెనో తెలియదు.

జాగ్రత్తలును కలవు. జాకీ నొక్కదానిని నమ్మి లారీ క్రింద దూరరాదు. చప్పుడు వినుటకై పల్లమున ఇంజను ఆపి లారీని జారవిడువరాదు. బ్రేకు బలము తగ్గును. నడచు ఇంజనుపై వంగునపుడు పైకండువా తీసి ప్రక్కన పెట్టవలెను.

మన ధాన్యమును, మన పిల్లలను మోయు బండి చప్పుడు చేసినచో డ్రైవరును కసరకుడు. ఆతడు చెప్పునది వినుడు. చప్పుడు దానంతట నది ఆగినదని ఎవరైన చెప్పినచో, ఎందుచేత నాగినదని మరియొక ప్రశ్న వేయుడు. సమాధానము దొరకు వరకు లారీ చెట్టునీడన నిలిచియున్నను నష్టము లేదు.