ఎండొచ్చినా కోటు విప్పలేని గుర్రం

ఎపిసోడ్‌లో టైం చాల్లేదు, మిగతాది ఇక్కడ రాస్తున్నా.

నోవైలో ఏప్రిల్‌ని నమ్మలేం. పొద్దున జాకెట్, మధ్యాహ్నానికి సైట్లో కుర్రాళ్లు చొక్కా చేతులు మడుస్తారు. గుర్రం కోటు విప్పలేదు కదా! ఆదివారాలు నేను ఒక పెద్దాయన దగ్గర ముసలి గుర్రానికి సాయం పోతుంటా. ఎండొస్తే బొచ్చు అదే రాలుతుందిలే అనుకునేవాణ్ణి. కాదట. ముఖ్యంగా పగటి పొడవును బట్టి రాలుతుంది. డిసెంబరు 21 దాటి పగలు పెరిగే కొద్దీ ఒంటికి కబురందుతుంది, పూర్తిగా రాలేసరికి వసంతం అయిపోవస్తుంది. ఈలోపు వచ్చే వేడి రోజుతోనే ప్రమాదం.

అలాంటి రోజే మా గుర్రం నిలబడ్డచోటే చెమటకి తడిసి, డొక్కలెగరేసింది. ఊరికే నిలబడ్డ గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. నేను లెక్కపెడితే 40 దాటింది. పెద్దాయన నీడకి లాగి పైపుతో చన్నీళ్లు పెట్టాడు. కండరాలు పట్టేస్తాయేమోనని నేను అడ్డుపడ్డా. అది ఉత్త భయమే. కాకపోతే కాసిని పోసి వదలకూడదు, బొచ్చులో నిలిచిన నీళ్లు వేడెక్కుతాయి. పోస్తూనే ఉండాలి.

ఇప్పుడు మార్చి నుంచే రోజూ గొరపం పడతాం. నీళ్లు, ఉప్పుగడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉంటాయి. సవారీ పొద్దున్నే. మెడ కింద, పొట్ట దగ్గర బొచ్చు మిషన్‌తో కత్తిరించాం, అందుకే చలి రాత్రుళ్లు దుప్పటి తప్పదు.

జూన్ వచ్చినా బొచ్చు రాలకపోతే డాక్టర్ని పిలవండి. ముసలి గుర్రాల్లో అది పిట్యూటరీ గ్రంథి జబ్బు కావచ్చు, రక్తపరీక్షలో తెలుస్తుంది. మాదానికి అదే తేలింది. రోజుకో మాత్ర. పిడికెడు గడ్డిలో దాచిపెడితే, గడ్డి తిని మాత్ర ఉమ్మేస్తుంది దొంగది.