నిప్పుల వంటలో ఉష్ణమాపకము

హైదరాబాదు విందులలో ప్రసిద్ధమైన సీఖ్ కబాబు బొగ్గుల నిప్పుపై క్షణాలలో ఎర్రబడుతుంది. అంతమాత్రాన లోపలి మాంసం ఉడికినదని భావించరాదు. సూక్ష్మజీవులు నశించినవో లేదో రంగు తెలుపజాలదు, ఉష్ణమాపకమే తెలుపగలదు. ఖీమా కబాబు మధ్యభాగం 71 డిగ్రీల సెంటీగ్రేడుకు, కోడిమాంసం 74 డిగ్రీలకు చేరవలెను. ఖీమాకు జాగ్రత్త మరింత అవసరం. ఏలయన ముక్క పైభాగాన ఉండే క్రిములు కొట్టునప్పుడు లోపలంతటా కలిసిపోతాయి.

ఇంటనుండే జ్వరమాపకం ఇందుకు పనికిరాదు. అది సుమారు 42 డిగ్రీలు దాటి చూపదు. పాదరసపు గాజుగొట్టం పగిలినచో మరింత ప్రమాదం. ముల్లు తిరిగే డయల్ రకం పెద్ద మాంసఖండాలకు తగినది. దాని కాడ రెండు అంగుళాలకు పైగా లోపలికి దిగవలెను. పలుచని కబాబులకు కొనయందే వేడిని గ్రహించే సన్నని డిజిటల్ రకం మేలు. కొన ఎముకకుగాని ఇనుపచువ్వకుగాని తగిలినచో లెక్క తప్పుతుంది. పచ్చిమాంసంలో గుచ్చిన కాడను కడగనిదే మరల వాడరాదు.

పరికరాన్ని అప్పుడప్పుడు పరీక్షించవలెను. మంచుముక్కలు నిండిన నీటిలో అది సున్న చూపవలెను. మరుగునీటిలో 100 చూపవలెనని పాఠాలలో చదువుతాము. కాని సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో నీరు 98 డిగ్రీల చెంతనే మరుగుతుంది. అది పరికరం దోషం కాదు.

అతిథికి రుచితోపాటు ఆరోగ్యాన్నీ వడ్డించుట ఆతిథ్యధర్మం.