మరిడి వ్యాధియు మన త్రాగునీరును

మన పెద్దలు మరిడి యనియు వాంతిభేది యనియు పిలిచిన రోగమే కలరా. ఉదయమున నాగలి పట్టినవాడు చీకటిపడునప్పటికి లేకపోవుట ఈ రోగమున వింత గాదు. కాని సకాలమున చికిత్స జరిగినచో నేడు నూటికి ఒక్కరైనను చావనక్కరలేదు. ఈ మార్పు ఎట్లు కలిగెనో సభ్యులకు తెలుపదలచితిమి.

గంగానది సముద్రమున గలియు వంగదేశపు పల్లపు నేలలు దీనికి పుట్టినిల్లు. 1817 లో జెస్సోరు ప్రాంతమున చెలరేగి, సైన్యములతోడను ఓడలతోడను దేశదేశములకు ప్రాకెను. చెడుగాలియే కారణమని నాడు పెక్కుమంది నమ్మిరి. 1854 లో లండను నగరమున జాన్ స్నో అను వైద్యుడు, చనిపోయినవారిలో పెక్కురు బ్రాడ్ వీధిలోని యొక పంపు నీరు త్రాగినవారే యని కనిపెట్టి, ఆ పంపు పిడి నూడదీయించెను. 1884 లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్టు కోఖ్ కలకత్తాలో రోగులయందును, ఒక చెరువు నీటియందును, కామా గుర్తువలె వంకరగా నుండు క్రిమిని చూపెను. ఆ చెరువుననే జనులు స్నానమాడుచు, బట్టలుతుకుచు, ఆ నీటినే త్రాగుచుండిరి. ఇట్టి చెరువు నెరుగని సభ్యుడు మనలో నుండునా?

క్రిమి దొరికినను, అది చంపు విధము తెలియుటకు మరి 75 ఏండ్లు పట్టెను. 1959 లో కలకత్తా వైద్యుడు శంభునాథ్ దే కుందేటి ప్రేవులలో పరీక్షించి, క్రిమి విడుచు విషమే కారణమని నిరూపించెను. ఆ విషము వలన ఒంటిలోని నీరును ఉప్పును ప్రేవులలోనికి కారిపోవును. గండిపడిన చెరువువలె దేహమెండిపోవును. భేదియగు రోగికి నీరీయరాదను మాట ఇప్పటికిని వినుచున్నాము. ఇంతకంటె చెడ్డ సలహా లేదు.

ఉప్పుతో కూడ చక్కెర యున్నచో, రోగము ముదిరినప్పుడును ప్రేవులు నీటిని పీల్చుకొనును. 1971 లో తూర్పు పాకిస్థానునుండి వచ్చిన శరణార్థులలో కలరా ప్రబలెను. బన్‌గావ్‌లో, నరములకెక్కించు నీరు చాలకపోగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు నీట కలిపించి, రోగుల బంధువుల చేతనే త్రాగించెను. నూటికి 30 గా నున్న చావులు 4 కంటె తక్కువకు దిగెను. మందుపొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీట 6 చిన్న చెంచాల పంచదారయు, అర చిన్న చెంచా ఉప్పును కలుపవలెను. చెంచా అంచుకు సమముగా కొలువవలెను. ఉప్పు హెచ్చినచో కీడు. వాంతియైనను కొంచెమాగి గ్రుక్కెడు గ్రుక్కెడుగా త్రాగించుచునే ఆసుపత్రికి చేర్పవలెను.

మశూచి నిర్మూలమైనది గదా, ఇది యేల కాలేదని కొందరడుగుదురు. ఈ క్రిమి మనుష్యుని కడుపుననే గాక, ఉప్పుకలిసిన నదీముఖపు నీటిలో సూక్ష్మజీవుల నంటిపెట్టుకొని బ్రతుకును. 1961 లో ఇండోనేషియాలో మొదలైన ఎల్ టార్ తెగ నేటికిని తగ్గలేదు. 1992 లో మదరాసులో మరియొక క్రొత్త తెగ బయల్పడెను. మురుగుకాల్వలో మునిగిన మంచినీటి గొట్టము పగిలినచో, పట్టణమునకును పల్లెకును భేదములేదు.

బంగ్లాదేశపు పల్లెలలో స్త్రీలు పాతచీరను పెక్కు మడతలు పెట్టి నీరు వడగట్టుటచే ఆ సూక్ష్మజీవులతో కూడ క్రిములు చీరలోనే నిలిచి, కలరా సుమారు సగము తగ్గెనని 2003 లో ప్రకటించిరి. క్రొత్తచీరకంటె పాతదే మేలట. నూలు విచ్చుకొని రంధ్రములు చిన్నవగును. వడగట్టిన పిమ్మట చీరను ఉతికి ఎండలో ఆరవేయుదురు. కట్టెలు లేని యింటికది సగము రక్ష; కట్టెలున్నచోట నీటిని మరుగకాచుటయే తగును.