పొలం కొలిచిన గొలుసు

1800 అక్టోబరు 12న హైదరాబాదు నిజాం ఈస్టిండియా కంపెనీతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. మైసూరు యుద్ధాల తర్వాత టిప్పు సుల్తాను రాజ్యం నుంచి తన వాటాకు వచ్చిన సీమలను, తన కోసం కంపెనీ పోషించే పటాలాల ఖర్చు కింద రాసిచ్చేశాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు అలా చేతులు మారాయి. ఆ పొలాల్లో మడక దున్నుతున్న రైతును అడిగినవాడు లేడు.

స్వతంత్ర భారతం ఎలా తయారైందంటే మనకు ముందు గుర్తొచ్చేవి సత్యాగ్రహాలు, జైళ్లు, సభలు. అవి కావలసినవే. అయితే ఈ నల్లరేగడి సీమలో సర్కారు అనే వ్యవస్థ అంతకు చాలా ముందే, పొలం కొలిచే గొలుసు పట్టుకుని ఊళ్లోకి వచ్చింది. రైతుకూ సర్కారుకూ అప్పుడు మొదలైన పేచీయే ఇక్కడి రాజకీయాలన్నిటికీ వేరు అని నా నమ్మకం.

ఆ గొలుసు తెచ్చినవాడు థామస్ మన్రో. 1800 నుంచి 1807 వరకు, నిజాం రాసిచ్చిన ఈ సీమలకు, అంటే దత్త మండలాలకు, ప్రిన్సిపల్ కలెక్టరు. అతను వచ్చేనాటికి ఇక్కడ పన్ను వసూలు చేసేది, తగాదా తీర్చేది, కావలి కాసేది, కొన్నిచోట్ల దోచుకునేది కూడా పాళెగాళ్లే. దత్త మండలాల్లో ఎనభై మంది దాకా ఉన్నారని మన్రో లెక్క. పులివెందుల పక్కన వేముల అలాంటి ఒక పాళెగాడి స్థానం. మన్రో వాళ్ల మీద భారీగా పేష్కషు, అంటే కప్పం, వేశాడు, కట్టలేనివాళ్ల మీదికి పటాలం పంపాడు. కొందరికి పింఛను ఇచ్చి పక్కన కూర్చోబెట్టాడు. కొద్ది ఏళ్లలోనే కోటలు ఖాళీ అయ్యాయి. పాళెగాళ్ల పట్ల ఇంత కఠినంగా పోవడం లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకే మింగుడుపడలేదు.

ఆ ఖాళీలో మన్రో పెట్టింది జమీందారును కాదు. బెంగాల్లో కంపెనీ జమీందార్లను నిలబెడితే, ఇక్కడ ఒక్కొక్క రైతుతో నేరుగా లెక్క పెట్టుకున్నాడు. అదే రైత్వారీ. 1802లో సర్వే మొదలైంది. గొలుసు పొడవు 33 అడుగులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరాలు నలభై కలిస్తే ఒక ఎకరం. కొలిచేవాళ్లు ముందు వెళ్లేవారు. వాళ్ల వెనక నేల తరం కట్టేవాళ్లు వచ్చి రెడ్డినీ, కరణాన్నీ, రైతులనూ దగ్గర పెట్టుకుని ఇది రేగడి, ఇది ఎర్రనేల, ఇది చవుడు అని విడదీసేవారు. చేను, మడి, తోట దేని లెక్క దానిదే. చివరికి ప్రతి ముక్కకూ ఒక నంబరు, ఒక శిస్తు. అంత వివరంగా ఈ నేలను అంతకు ముందు ఏ రాజూ చూసి ఉండడు.

కొలత సరిగానే ఉంది, శిస్తే మోయలేనంత ఉంది. పండినదాంట్లో దాదాపు 45 శాతం సర్కారుకే పోయేలా రేటు కట్టారు. ఇది ఎక్కువని మన్రోకూ తెలుసు. నాలుగో వంతు తగ్గించాలని 1807లో వెళ్లిపోతూ సిఫారసు చేశాడు. పైవాళ్లు వినలేదు, పైగా రైత్వారీని ఎత్తేసి ఊళ్లకు ఊళ్లను గుత్తకిచ్చారు. గుత్తదార్లు రైతును పిండారు, తామూ దివాలా తీశారు. 1820లో మన్రో గవర్నరుగా తిరిగి వచ్చాక గానీ తగ్గించిన శిస్తుతో రైత్వారీ నిలదొక్కుకోలేదు.

ఇన్ని చేసిన దొరను ఈ సీమ జనం తిట్టుకుని ఊరుకోవచ్చు. కానీ పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండలను చీల్చుకుని వచ్చే గండిలో ఆ దొరకు బంగారు తోరణం కనిపించిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది చావు దగ్గరపడినవాళ్లకే కనిపిస్తుందట. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మన్రో చనిపోయాడు. పాళెగాడి కొరడా కంటే పట్టా కాగితం మేలనిపించిన రైతు గుండె ఆ కథలో నాకు వినిపిస్తుంది.

పట్టా లెక్కలో చోటు దొరకనివాళ్ల సంగతి వేరు. పాళెగాళ్ల కాలంలో ఊరి కావలి కాసిన కట్టుబడి బంట్లకు మాన్యాలుండేవి. కంపెనీ వాటిని ఒక్కొక్కటే లాక్కుంది. 1846లో కంపెనీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెనక నడిచిన వాళ్లలో ఆ భూమి పోగొట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. అతనిది పాళెగాళ్ల వంశం, ఇంటికి వచ్చే పింఛను మీద కూడా కంపెనీతో తగాదా ఉంది. కోవెలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలోదే. అక్కడి ఖజానా మీద పడ్డారు. అది శిస్తు డబ్బు ఉండే చోటు, ఎవరి మీద కోపమో అక్కడే తెలిసిపోతుంది. 1847 ఫిబ్రవరి 22న అతన్ని కోవెలకుంట్లలో ఉరితీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీసి ఏళ్ల తరబడి అలాగే ఉంచారు.

శిస్తు పుచ్చుకున్న సర్కారు నీళ్లివ్వాలి కదా అన్న ప్రశ్న ఆ తర్వాత బలపడింది. ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో లండన్‌లో ఒక ప్రైవేటు కంపెనీ పెట్టారు. పది లక్షల పౌన్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ సర్కారే పూచీ పడింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి కడప దాకా కాలువ తవ్వారు. అదే ఇప్పటికీ ప్రొద్దుటూరు మడులను తడిపే కర్నూలు–కడప (కె.సి.) కాలువ. రేగడిలో జొన్న, పత్తి వానకే పండించుకునే రైతులు మొదట్లో ఆ నీళ్లు పెద్దగా తీసుకోలేదు. కంపెనీ నష్టాల్లో మునిగి, 1882లో కాలువ సర్కారు చేతికి వచ్చింది.

ఈలోగా 1876–78 కరువు విరుచుకుపడింది. 1871లో సుమారు పదమూడున్నర లక్షలున్న కడప జిల్లా జనం 1881 నాటికి పదకొండు లక్షల చిల్లరకు పడిపోయారు. పదేళ్లలో పెరగాల్సిన జనం రెండు లక్షలకు పైగా తగ్గారు. కాలువ వచ్చింది ఒక అంచునే, జిల్లాలో మిగతా పల్లెలన్నీ ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయాయి. మద్రాసు నుంచి రాయచూరు వెళ్లే రైలు దారి అప్పటికే ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా పోయింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఊళ్లకు మాత్రం రైలు 2016లో గానీ రాలేదు.

ఆ కరువుల అనుభవమే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగులో మాటగా మారింది. కడప కోటిరెడ్డి వంటి సీమ నాయకులు కోస్తా నాయకులతో కూర్చుని, ఆంధ్ర రాష్ట్రానికి ఒప్పుకోవాలంటే కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో సీమకు ముందు వాటా కావాలన్నారు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని అయింది. మూడేళ్లకే రాజధాని హైదరాబాదుకు వెళ్లింది. నీళ్ల మాట ఇంకా నలుగుతూనే ఉంది. పెన్న మీద మైలవరం, గండికోట జలాశయాలు ఆ బాకీలో కొంతే తీర్చాయి.

నేరుగా రైతుతో లెక్క అన్న మాట కూడా పూర్తిగా నిజం కాలేదు. రైతుకూ సర్కారుకూ మధ్య రెడ్డి, కరణం వంశపారంపర్యంగా కూర్చున్నారు. కరణం కలం ఎటు వంగితే అటు పొలం వంగేది. ఆ పదవులను 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం రద్దు చేసింది. రాతలు మాత్రం అలాగే మిగిలాయి.

బ్రిటిష్ కాలపు రీసెటిల్మెంట్ రిజిస్టరు తీసి చూడండి. సర్వే నంబరు, నేల తరం, ఎకరాలు, శిస్తు వరుసగా ఉంటాయి. చివర పట్టాదారు పేరుండాల్సిన గడిలో కొన్నిచోట్ల వరసగా చుక్కలుంటాయి. ఎవరిదో తేల్చకుండా వదిలేసిన ఆ నేలలే చుక్కల భూములు. తాతల నాటి నుంచి సాగు చేస్తున్నా అమ్ముకోవడానికి, బ్యాంకు అప్పుకు, చివరికి బిడ్డ పేర రాయడానికీ రిజిస్ట్రేషను దొరికేది కాదు. పన్నెండేళ్లు స్వాధీనంలో ఉన్నవాళ్ల హక్కును గుర్తించాలని 2017లో చట్టం చేశారు. 2020 చివర్లో డ్రోన్లతో రీసర్వే కూడా మొదలైంది. కొత్త కొలత వచ్చినప్పుడు రైతు చేను గట్టున నిలబడి తన హద్దు తానే చూపించుకోవాలి, గడిలో తన పేరు పడిందో లేదో చదివించుకుని గానీ వేలిముద్ర వేయకూడదు.