విపత్తు పునరుద్ధరణ సర్వర్: కొత్త హోస్టుకు తరలింపు, సాఫ్ట్‌వేర్ నవీకరణ

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు.
• విపత్తు పునరుద్ధరణ సర్వర్ పనిచేసే తీరును వివరించడం
• హోస్టు మార్పు, సాఫ్ట్‌వేర్ మార్పు ఒకేసారి వచ్చినప్పుడు తలెత్తే చిక్కులను గుర్తించడం
• తరలింపుకు పట్టే కాలాన్ని లెక్కగట్టడం
• పాత సర్వర్‌ను ఎప్పుడు, ఎలా తొలగించాలో నిర్ణయించడం

2. పరిచయం

ఒక సహకార బ్యాంకుకు విజయవాడలో ప్రధాన సర్వర్ ఉందనుకుందాం. వరదో, అగ్నిప్రమాదమో దానిని దెబ్బతీస్తే ఖాతాదారుల లెక్కలు పోకుండా హైదరాబాదులో మరో సర్వర్ అదే సమాచారాన్ని ఎప్పటికప్పుడు అందుకుంటూ ఉంటుంది. దీనినే విపత్తు పునరుద్ధరణ సర్వర్ అంటారు. ప్రధాన సర్వర్ పడిపోయినప్పుడు బాధ్యత తీసుకోవడానికి సిద్ధంగా ఉంటుంది కనుక దీనికి స్టాండ్‌బై అని కూడా పేరు.

ఈ ఏర్పాటును రెండు కొలతలతో అంచనా వేస్తారు. విపత్తు జరిగితే ఎంత సమయపు సమాచారం పోవడాన్ని సంస్థ భరించగలదు అన్నది మొదటిది. దీనిని ఆర్‌పీఓ అంటారు. ఎంత సమయంలో సేవలు తిరిగి మొదలుకావాలి అన్నది రెండవది; దీనిని ఆర్‌టీఓ అంటారు. నిమిషానికి 40 లావాదేవీలు జరిగే బ్యాంకులో స్టాండ్‌బై 15 నిమిషాలు వెనుకబడి ఉన్నప్పుడు విపత్తు వస్తే 600 లావాదేవీలు పోతాయి. అంటే డబ్బు కట్టి రసీదు చేతపట్టుకున్న ఖాతాదారు పేరున బ్యాంకు పుస్తకాలలో ఆ జమ కనిపించదు.

స్టాండ్‌బైకి ఒక ప్రత్యేక లక్షణం ఉంది. ప్రధాన సర్వర్‌లో లోపం వస్తే నిమిషాలలో ఫోన్లు మోగుతాయి. స్టాండ్‌బైలో లోపం వస్తే ఎవరికీ తెలియదు. దానిని ఎవరూ వాడరు కనుక ఆ లోపం బయటపడేది విపత్తు నాడే. అందువల్ల స్టాండ్‌బైని మార్చేటప్పుడు ప్రధాన సర్వర్‌ను మార్చేటప్పటికంటే ఎక్కువ పరీక్ష అవసరం.

ఈ పాఠంలో ఉదాహరణగా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్‌ను తీసుకుందాం. సూత్రాలు ఇతర డేటాబేస్‌లకు కూడా చాలావరకు వర్తిస్తాయి.

3. స్టాండ్‌బై పనిచేసే తీరు

వాణిజ్యశాస్త్రం చదివినవారికి చిట్టా, ఆవర్జా తెలుసు. జరిగిన వ్యవహారాన్ని జరిగిన వరుసలో ముందు చిట్టాలో రాస్తారు. తరువాత దానిని ఆవర్జాలోని ఆయా ఖాతాలకు ఎక్కిస్తారు. డేటాబేస్ కూడా ఇలాగే ప్రతి మార్పునూ ముందు లావాదేవీల లాగ్‌లో రాస్తుంది. ఈ లాగ్‌ను చిట్టా అనుకుంటే, డేటా ఫైళ్లు ఆవర్జా. ప్రధాన సర్వర్ తన చిట్టాను ఎడతెగకుండా స్టాండ్‌బైకి పంపుతుంది. స్టాండ్‌బై దానిని చదివి తన ఆవర్జాలో అదే మార్పు చేసుకుంటుంది. దీనిని భౌతిక ప్రతికృతి అంటారు.

ఇందులో ఒక షరతు ఉంది. చిట్టా రాసే పద్ధతి రెండు వైపులా ఒకటే కావాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో రెండు రకాల వర్షన్ మార్పులున్నాయి. 2017లో వచ్చిన 10వ వర్షన్ నుంచి మొదటి అంకె ప్రధాన వర్షన్‌ను, రెండవ అంకె చిన్న సవరణను సూచిస్తుంది. 15.3 నుంచి 15.6కు వెళ్లడం చిన్న సవరణ. 15 నుంచి 16కు వెళ్లడం ప్రధాన మార్పు. ప్రధాన వర్షన్లు వేరైతే భౌతిక ప్రతికృతి పనిచేయదు. చిన్న సవరణలలో తేడా ఉన్నా సాధారణంగా పనిచేస్తుంది. అప్పుడు కూడా ముందుగా స్టాండ్‌బైని, తరువాత ప్రధాన సర్వర్‌ను నవీకరించాలి. కొత్త సవరణకు పాత చిట్టాను చదవడం తెలిసి ఉండే అవకాశం ఎక్కువ. పాతదానికి కొత్త చిట్టా అర్థమవుతుందన్న భరోసా అంత లేదు.

4. రెండు మార్పులు ఒకేసారి

పాత యంత్రానికి వారంటీ ముగిసి కొత్త హోస్టు కొంటారు. కొత్త హోస్టుకు కొత్త ఆపరేటింగ్ సిస్టం వస్తుంది. "ఎలాగూ మారుస్తున్నాం కదా, డేటాబేస్ కూడా కొత్త వర్షన్ వేసేద్దాం" అన్న ఆలోచన సహజం. కాని ఆ తరువాత ఏదైనా తేడా కనిపిస్తే కారణం యంత్రమా, ఆపరేటింగ్ సిస్టమా, డేటాబేస్ వర్షనా అన్నది తేల్చడం కష్టమవుతుంది. వీలైనంతవరకు ఒక మార్పు చేసి, పరీక్షించి, ఆ తరువాతే రెండవ మార్పుకు వెళ్లాలి.

డేటాబేస్ వర్షన్‌ను ముట్టుకోకపోయినా ఆపరేటింగ్ సిస్టం మార్పు ఒక్కటే ఎంత చిక్కు తేగలదో చూడండి. బడి పుస్తకాల వర్ణమాలలో 'క్ష' చివర ఉంటుంది. నిఘంటువులో 'క్షమ' అన్న మాట 'క' కింద ఉంటుంది. వర్ణమాల వరుసను నమ్మి నిఘంటువు చివరి పుటలు తిరగేసేవారికి ఆ మాట దొరకదు. మాట పుస్తకంలోనే ఉంది. వెతికే వరుస వేరు.

లినక్స్ యంత్రాలలో అక్షరక్రమాన్ని సాధారణంగా జీలిబ్‌సి అనే లైబ్రరీ నిర్ణయిస్తుంది. 2018 ఆగస్టులో వచ్చిన 2.28 వర్షన్‌లో ఈ క్రమం పెద్ద ఎత్తున మారింది. డెబియన్ 10, రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 వంటివి ఈ కొత్త క్రమంతో వచ్చాయి. పాత ఆపరేటింగ్ సిస్టంపై తయారైన ఇండెక్స్‌ను ఫైళ్ల రూపంలో యథాతథంగా కొత్త హోస్టుకు తెస్తే, ఇండెక్స్ ఒక వరుసలో ఉంటుంది, వెతుకులాట మరో వరుసలో జరుగుతుంది. ఫలితంగా ఉన్న పేరు లేదని చెప్పవచ్చు. రెండుసార్లు ఉండకూడని పేరును రెండవసారి చేర్చుకోవచ్చు. ఏ హెచ్చరికా లేకుండానే ఇది జరగవచ్చు.

దీనికి మందు ఇండెక్స్‌లను తిరిగి నిర్మించడం. కాని స్టాండ్‌బైలో చదవడమే తప్ప రాయడం కుదరదు. కాబట్టి అక్కడ ఆ పని చేయలేము. విపత్తు నాడు స్టాండ్‌బైని ప్రధాన సర్వర్‌గా మార్చిన తరువాతే, ఖాతాదారులకు తలుపులు తెరవకముందే, ఆ పని చేయాలి. ఆ సమయమంతా ఆర్‌టీఓలో కలుస్తుంది. అందువల్ల కొత్త హోస్టులో జీలిబ్‌సి వర్షన్ ప్రధాన సర్వర్‌లో ఉన్నదానితో ఈ విషయంలో సరిపోలుతుందో లేదో ముందే చూసుకోవాలి.

5. తరలింపు క్రమం

పాత స్టాండ్‌బైని తీసివేసి కొత్తది పెట్టడం సరైన పద్ధతి కాదు. కొత్తదానిని పాతదాని పక్కన నిలబెట్టి, కొత్తది నిరూపించుకున్న తరువాతే పాతదానిని తీయాలి. ఒకే ప్రధాన సర్వర్‌కు రెండు స్టాండ్‌బైలు ఉండవచ్చు.

మొదటి మెట్టు: జాబితా. పాత స్టాండ్‌బైలో ఉన్న డేటాబేస్ వర్షన్, అనుబంధ మాడ్యూళ్లు, ఫైర్‌వాల్ నియమాలు, సమయం ప్రకారం నడిచే పనులు, పర్యవేక్షణ హెచ్చరికలు, భద్రతా సర్టిఫికెట్లు అన్నీ రాసుకోవాలి. ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా చేర్చినవి ఎవరి జ్ఞాపకంలోనూ ఉండవు.

రెండవ మెట్టు: కొత్త హోస్టు సిద్ధం చేయడం. ప్రధాన సర్వర్‌లో ఉన్న ప్రధాన వర్షన్‌నే ఇక్కడ స్థాపించాలి. గరిష్ఠ కనెక్షన్ల సంఖ్య వంటి కొన్ని అమరికలు ప్రధాన సర్వర్‌లో ఉన్నదానికి సమానంగా లేదా ఎక్కువగా ఉండాలి.

మూడవ మెట్టు: మూల ప్రతి పంపడం. దీనికి పట్టే కాలాన్ని ముందే లెక్కగట్టాలి. డేటాబేస్ 600 గిగాబైట్లు, లైను వేగం సెకనుకు 100 మెగాబిట్లు అనుకుందాం. ఒక బైటుకు 8 బిట్లు కనుక మొత్తం 48,00,000 మెగాబిట్లు. దానిని 100తో భాగిస్తే 48,000 సెకన్లు, అంటే 13 గంటల 20 నిమిషాలు. లైను మొత్తాన్ని ఈ ప్రతికే ఇస్తే పాత స్టాండ్‌బైకి వెళ్లే చిట్టా ఆగిపోయి అది వెనుకబడుతుంది. అందుకని ప్రతి వేగానికి సెకనుకు 60 మెగాబిట్ల పరిమితి పెడితే 80,000 సెకన్లు, అంటే సుమారు 22 గంటల 13 నిమిషాలు పడుతుంది. ఆలస్యమైనా ఇదే క్షేమం.

ప్రతి వెళ్తున్నంత సేపూ కొత్త లావాదేవీలు జరుగుతూనే ఉంటాయి. గంటకు 2 గిగాబైట్ల చిట్టా తయారైతే 22 గంటల 13 నిమిషాలకు సుమారు 44 గిగాబైట్లు. కొత్త స్టాండ్‌బై అందుకునేవరకు ప్రధాన సర్వర్ దీనిని దాచి ఉంచాలి. ఇందుకు రిప్లికేషన్ స్లాట్ అనే ఏర్పాటు ఉంది. ఏ స్టాండ్‌బై ఎంతవరకు చదివిందో గుర్తుంచుకొని, చదవని భాగాన్ని చెరిపివేయకుండా ఇది కాపాడుతుంది.

నాల్గవ మెట్టు: సమాంతర నడక. రెండు స్టాండ్‌బైలూ కొద్ది రోజులు కలిసి నడవాలి. నెలాఖరు వడ్డీ లెక్కల వంటి భారీ పని ఒకటైనా ఈ వ్యవధిలో జరిగేలా చూసుకుంటే కొత్త హోస్టు అంత భారాన్ని తట్టుకోగలదో లేదో తెలుస్తుంది.

ఐదవ మెట్టు: పరీక్ష. కొత్త స్టాండ్‌బైని నిజంగా ప్రధాన సర్వర్‌గా మార్చి చూడాలి. ఆ సమయంలో పాత స్టాండ్‌బై కాపలాగా ఉంటుంది. ముందుగా కొత్త హోస్టును వేరు నెట్‌వర్క్‌లో ఉంచాలి. లేకుంటే కొన్ని లావాదేవీలు అసలు సర్వర్‌లోకి, కొన్ని పరీక్ష సర్వర్‌లోకి పోతాయి. ఖాతాదారులకు ఎస్ఎంఎస్‌లు పంపే పనులను నిలిపివేయాలి. ప్రధాన సర్వర్‌గా మారిన ప్రతి తన దారిన తాను పోతుంది కనుక పరీక్ష తరువాత దానిని తిరిగి స్టాండ్‌బైగా నిర్మించుకోవాలి.

ఆరవ మెట్టు: పాతదానిని తొలగించడం. యంత్రాన్ని ఆపడంతో పని పూర్తికాదు. దాని స్లాట్‌ను కూడా ప్రధాన సర్వర్‌లో తొలగించాలి. మరచిపోతే ప్రధాన సర్వర్ ఎన్నటికీ రాని స్టాండ్‌బై కోసం చిట్టాను దాస్తూనే ఉంటుంది. గంటకు 2 గిగాబైట్ల చొప్పున 200 గిగాబైట్ల ఖాళీ స్థలం 100 గంటలలో నిండిపోతుంది, బ్యాంకు ఆగిపోతుంది. 13వ వర్షన్ నుంచి స్లాట్ దాచే పరిమాణానికి హద్దు పెట్టే వీలుంది. చివరగా పాత డిస్కులలోని ఖాతాదారుల సమాచారాన్ని పూర్తిగా చెరిపివేయాలి.

6. ప్రధాన వర్షన్ మార్పు

హోస్టు మార్పు స్థిరపడిన తరువాత ప్రధాన వర్షన్ మార్పుకు రెండు మార్గాలున్నాయి.

మొదటిది, ప్రధాన సర్వర్‌ను కొద్దిసేపు ఆపి పీజీ_అప్‌గ్రేడ్ అనే సాధనంతో నవీకరించడం. ఆ క్షణం నుంచి పాత వర్షన్ స్టాండ్‌బై కొత్త చిట్టాను అందుకోలేదు. కొత్త హోస్టుకు మళ్లీ మూల ప్రతి పంపితే ఆ గంటలన్నీ సంస్థకు స్టాండ్‌బై ఉండదు. కాబట్టి నవీకరణ ముగిసిన వెంటనే తాజా బ్యాకప్ తీసి వేరే ఊరికి చేర్చాలి. పాత స్టాండ్‌బై ఇంకా తొలగించకుండా ఉంటే ఇక్కడ అది అక్కరకు వస్తుంది. దానిని పాత వర్షన్‌లోనే కదపకుండా ఉంచితే, నవీకరణ విఫలమైనప్పుడు వెనక్కి వెళ్లే దారి మిగులుతుంది. అయితే కొత్త వర్షన్‌లో ఖాతాదారుల లావాదేవీలు మొదలైన తరువాత వెనక్కి వెళ్తే ఆ లావాదేవీలు పోతాయి. కాబట్టి "వెనక్కి వెళ్లాలా" అన్న నిర్ణయం తలుపులు తెరవకముందే జరగాలి.

రెండవది, తార్కిక ప్రతికృతి. ఇందులో ఫైళ్లు కాక "ఫలానా వరుసలో ఫలానా విలువ మారింది" అన్న సమాచారం వెళ్తుంది. కనుక రెండు వైపులా వేర్వేరు ప్రధాన వర్షన్లు, వేర్వేరు ఆపరేటింగ్ సిస్టంలు ఉండవచ్చు. ఇండెక్స్‌లు కొత్త హోస్టులోనే కొత్తగా తయారవుతాయి కనుక అక్షరక్రమం సమస్య రాదు. 10వ వర్షన్ నుంచి ఈ సదుపాయం పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లోనే ఉంది. అయితే పట్టికల నిర్మాణంలో చేసిన మార్పులు వాటంతట అవి వెళ్లవు. మార్పులు, తొలగింపులు వెళ్లాలంటే పట్టికకు ప్రైమరీ కీ వంటి గుర్తింపు ఉండాలి. చాలా వర్షన్లలో సీక్వెన్స్‌ల విలువలు కూడా వెళ్లవు. వాటిని చేతితో సరిచేయకపోతే రసీదు సంఖ్యలు మళ్లీ పాత అంకె నుంచి మొదలవుతాయి.

7. వాస్తవ సంఘటనలు

గిట్‌ల్యాబ్ సంస్థ తనకు జరిగిన నష్టాన్ని తానే బహిరంగంగా వివరించింది. 2017 జనవరి 31న ఆ సంస్థ స్టాండ్‌బై డేటాబేస్ వెనుకబడింది. అది చదవవలసిన చిట్టా భాగాలు ప్రధాన సర్వర్‌లో అప్పటికే చెరిగిపోయాయి. దానిని సరిచేసే ప్రయత్నంలో ఒక ఇంజనీరు స్టాండ్‌బైలో తొలగించవలసిన డేటాను పొరపాటున ప్రధాన సర్వర్‌లో తొలగించారు. సుమారు 300 గిగాబైట్ల డేటాలో కొద్ది భాగమే మిగిలింది.

అప్పుడు బ్యాకప్ కోసం చూస్తే అది లేదు. డేటాబేస్ 9.6 వర్షన్‌లో నడుస్తుండగా బ్యాకప్ తీసే పీజీ_డంప్ సాధనం 9.2 వర్షన్‌ది. 10కి ముందు మొదటి రెండు అంకెలు కలిపితే ప్రధాన వర్షన్ అవుతుంది కనుక ఇవి రెండూ వేర్వేరు ప్రధాన వర్షన్లు. తనకంటే కొత్త ప్రధాన వర్షన్ సర్వర్ నుంచి పీజీ_డంప్ బ్యాకప్ తీయదు. లోపం చూపి ఆగిపోతుంది. ఆ లోపాన్ని తెలిపే ఈమెయిళ్లు తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. చివరకు మరో పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక ప్రతి వారిని కాపాడింది. అయినా దాదాపు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాల వివరాలు దెబ్బతిన్నాయి.

దీని నుంచి గ్రహించవలసింది ఏమంటే, వర్షన్ మార్చినప్పుడు సర్వర్‌తో పాటు దాని చుట్టూ ఉన్న ప్రతి సాధనాన్నీ మార్చాలి. బ్యాకప్ జరిగిందన్న నమ్మకం చాలదు. దాని నుంచి డేటాను తిరిగి తెచ్చి చూడాలి.

మన దేశంలో స్టాక్ ఎక్స్ఛేంజీలు ఇటువంటి పరీక్షను బహిరంగంగానే నిర్వహించాయి. 2024 మార్చి 2, మే 18 తేదీలలో, రెండు శనివారాలలో, ప్రత్యేక ట్రేడింగ్ జరిపి, మొదటి విడతను ప్రధాన కేంద్రం నుంచి, రెండవ విడతను విపత్తు పునరుద్ధరణ కేంద్రం నుంచి నడిపాయి. నిజమైన లావాదేవీలతో చేసిన పరీక్ష కనుక దీనికి విలువ ఎక్కువ.

8. సారాంశం

స్టాండ్‌బై లోపాలు విపత్తు నాడే బయటపడతాయి కనుక వాటిని ముందుగా మనమే వెతకాలి. హోస్టు మార్పును, ప్రధాన వర్షన్ మార్పును వీలైనంతవరకు వేరు చేయాలి. కొత్త స్టాండ్‌బై పరీక్షలో నెగ్గేవరకు పాతదానిని ఉంచాలి. ప్రతి కాలాన్ని, చిట్టా పరిమాణాన్ని ముందే లెక్కగట్టాలి. పాతదానిని తీసినప్పుడు దాని స్లాట్‌ను, డేటాను కూడా తొలగించాలి.

9. మీ ప్రగతిని సరిచూసుకోండి

1) ఆర్‌పీఓకు, ఆర్‌టీఓకు మధ్య భేదమేమిటి?
2) చిన్న సవరణ విషయంలో ముందుగా స్టాండ్‌బైని ఎందుకు నవీకరిస్తారు?
3) 450 గిగాబైట్ల డేటాబేస్‌ను సెకనుకు 50 మెగాబిట్ల వేగంతో పంపడానికి ఎంత కాలం పడుతుంది? గంటకు 3 గిగాబైట్ల చిట్టా తయారైతే ఆ వ్యవధిలో ప్రధాన సర్వర్ ఎంత చిట్టా దాచవలసి వస్తుంది?

మూడవ ప్రశ్నకు జవాబు: 72,000 సెకన్లు, అంటే 20 గంటలు, 60 గిగాబైట్లు.

10. నమూనా పరీక్షా ప్రశ్నలు

1) విపత్తు పునరుద్ధరణ సర్వర్‌ను కొత్త హోస్టుకు తరలించే క్రమాన్ని వివరించండి.
2) భౌతిక ప్రతికృతిని, తార్కిక ప్రతికృతిని పోల్చండి.
3) ఆపరేటింగ్ సిస్టం మార్పు డేటాబేస్ ఇండెక్స్‌లపై చూపే ప్రభావాన్ని ఉదాహరణతో తెలపండి.